సామలకు జన్యుపటం: జొన్నలో, కొర్రలో మారని డీఎన్ఏ ఎంతవరకు ఆసరా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో ఉండి సామల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అచ్చంపేట వైపు సేకరించిన, త్వరగా కోతకొచ్చే సామను ఆలస్యంగా పూసే పొడవైన రకంతో సంకరం చేసి, రెండో తరం విత్తనం సిద్ధం చేసుకున్నాను. పూత కాలాన్ని శాసించే జన్యువులు ఎక్కడున్నాయో మ్యాప్ చేయాలి. సామలకు మా దగ్గర మార్కర్లు, అంటే రకానికీ రకానికీ తేడా చూపే డీఎన్ఏ గుర్తులు, లేవు. వరి, జొన్న, కొర్రల్లో ఒకేలా నిలిచిన నాన్‌కోడింగ్ డీఎన్ఏ (ప్రోటీన్‌గా మారని భాగం) మీద ప్రైమర్లు (కావలసిన చోటుకు నకళ్లు తీయడానికి అక్కడ అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) చేసుకుంటే గడ్డి కుటుంబంలో ఏ పంటలోనైనా పనిచేస్తాయని ఒక సెమినార్‌లో విన్నాను. పటం మొత్తం వాటితోనే గీయవచ్చా?

సమాధానం: గీయవచ్చు. నేనైతే గీయను.

ఎందుకో చెప్పే ముందు ఒక మాట అడుగుతాను. మీ మొదటి తరం మొక్క నిజంగా సంకరమేనని తేల్చుకున్నారా? సామ పువ్వు ఎంత చిన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా సొంత పుప్పొడితోనే గింజ కట్టే పంట. మగ భాగాలు తీసేశామనుకున్న కంకిలోనూ ఒకటి రెండు పువ్వులు తప్పించుకుంటాయి. అలాంటి గింజను సంకరమనుకుని పెంచితే మడి నిండా తల్లి రకమే ఉంటుంది, దానికి ఎన్ని మార్కర్లు పెట్టినా ప్రయోజనం లేదు. తల్లిదండ్రుల మధ్య తేడా చూపే మార్కర్లు రెండు మూడు దొరికితే చాలు, మొదటి తరం ఆకులో ఇద్దరి గుర్తులూ కనబడాలి. ఆ ఆకు దాచి ఉంచకపోతే రెండో తరంలో ఇరవై ముప్పై మొక్కలు చూసినా తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. ప్రైమర్ అతుక్కోవాలంటే మారని డీఎన్ఏ కావాలి. మార్కర్ పనిచేయాలంటే మారిన డీఎన్ఏ కావాలి. పటం గీయడమంటే తల్లిదండ్రుల్లో వేరువేరుగా ఉన్న చోట్లను పట్టుకుని, పిల్లల్లో అవి ఎంత తరచుగా కలిసి వచ్చాయో, ఎంత తరచుగా విడిపోయాయో లెక్కించడమే. వరి, జొన్న విడిపోయి సుమారు 5 కోట్ల ఏళ్లు. అంత కాలం చెక్కుచెదరని అక్షరాల వరుస మీ రెండు సామ రకాల మధ్య మారి ఉంటుందనుకోవడం అత్యాశ. ఈ సంరక్షిత భాగాలను సర్వే రాళ్లలా చూడండి. రెండు నక్షాల్లోనూ ఒకే రాయి కనిపిస్తే ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పేర్చగలం. పొలంలో ఏముందో మాత్రం రాయి చెప్పదు, దానికి రాళ్ల మధ్య నేల చూడాలి. మీకు కావలసిన తేడాలన్నీ ఆ మధ్య నేలలోనే ఉంటాయి.

ఈ భాగాలకు అంత పేరు జంతువుల వల్ల వచ్చింది. మనిషి జన్యురాశిలో, అంటే మొత్తం డీఎన్ఏలో, ప్రోటీన్‌గా మారే భాగం ఒకటిన్నర శాతం దాటదు. 2002లో ఎలుక జన్యురాశిని పక్కన పెట్టి పోల్చినప్పుడు, మారకుండా కాపాడబడుతున్న భాగం సుమారు 5 శాతమని తేలింది. అంటే ప్రకృతి జాగ్రత్తగా కాపాడుకుంటున్న దానిలో ఎక్కువ భాగం ప్రోటీన్‌కు సంబంధించినది కాదు. 2004లో ఇంకా విచిత్రమైనది బయటపడింది. మనిషిలో, ఎలుకలో, పెద్ద ఎలుక ర్యాట్‌లో ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా 200 అక్షరాలకు మించి సాగే ముక్కలు 481 దొరికాయి. వీటిలో చాలా ముక్కలు పక్కనున్న జన్యువును ఎప్పుడు, ఏ కణజాలంలో వెలిగించాలో చెప్పే మీటలు. ఇంత పొడవైన ముక్కలున్నప్పుడు ప్రైమర్లకు కొదవేముంది? పక్షుల్లో, చేపల్లో, పాముల్లో వంశవృక్షాలు కట్టేవాళ్లు ఇలాంటి ముక్కలతోనే డీఎన్ఏను వలవేసి పట్టి, వాటి ఇరుపక్కలా ఉన్న తేడాలను చదువుతున్నారు.

మొక్కల్లో కథ వేరు, మీ సెమినార్‌లో ఇది చెప్పినట్టు లేదు. మొక్కల సంరక్షిత నాన్‌కోడింగ్ ముక్కలు చాలా పొట్టివి. పదిహేను ఇరవై అక్షరాల దగ్గర మొదలవుతాయి, యాభై దాటితే పెద్దదే. లేవని కాదు. ఆవాల కుటుంబపు చిన్న ప్రయోగశాల మొక్క అరాబిడాప్సిస్‌లో ఒకప్పుడు జన్యురాశి రెట్టింపైనప్పుడు ఏర్పడిన జంట భాగాలను ఒకదానితో ఒకటి పోల్చి 2007లో 14,944 ముక్కలు లెక్కించారు. ఆవాల కుటుంబంలోని పలు మొక్కలను పోల్చి 2013లో 90 వేలకు పైగా జాబితా చేశారు. కానీ జంతువుల కోసం పెట్టుకున్న కొలబద్దతో, అంటే 100 అక్షరాల్లో 70 శాతం పోలిక ఉండాలన్న నియమంతో, వరి జొన్నలను వెతికితే వీటిలో చాలావరకు చేతికి చిక్కవు. మీరు పోలిక వెతికే సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఉన్న సెట్టింగులనే వదిలేస్తే ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ప్రైమర్ లెక్క చూడండి. ఒక ప్రైమర్‌కు ఇరవై అక్షరాలు కావాలి. ఒక్కటి చాలదు, జంట కావాలి. రెండు సంరక్షిత ముక్కలూ ఒకదానికొకటి మూడు నాలుగు వందల నుంచి వెయ్యి అక్షరాల దూరంలోనే ఉండాలి. జొన్నలోనూ కొర్రలోనూ వాటి వరస, దిశ ఒకటే అయి ఉండాలి. మధ్యలో ఏ పంటలోనూ జంపింగ్ జీన్ (చోటు మారే డీఎన్ఏ ముక్క) దూరి పొడవు పెంచి ఉండకూడదు. ప్రైమర్ చివరి మూడు నాలుగు అక్షరాలు సామలోనూ తప్పకుండా కలవాలి, మొదట్లో ఒకటి తప్పినా పీసీఆర్, అంటే నకళ్లు తీసే ప్రక్రియ, నడుస్తుంది కానీ చివర, అంటే 3 ప్రైమ్ కొసలో, తప్పితే నడవదు. ఇన్ని షరతులూ తట్టుకుని నిలిచేవి కొన్నే ఉంటాయి. అవి కూడా జన్యురాశి అంతటా సమంగా పరుచుకుని ఉండవు. అభివృద్ధిని నడిపే నియంత్రణ జన్యువుల చుట్టూ గుంపుగా ఉంటాయి, మిగతా చోట్ల ఖాళీ. అలాంటి మార్కర్లతో గీసిన పటంలో ఒకచోట కిక్కిరిసి, ఒకచోట 40 సెంటీమోర్గాన్ల (జన్యుపటంలో దూరానికి కొలత) గండి పడుతుంది.

మీరు విన్న సెమినార్‌లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయేమోనని నా అనుమానం. గడ్డి కుటుంబంలో పంట నుంచి పంటకు బాగా దాటిన ప్రైమర్లు వేరే ఉన్నాయి. వరి, జొన్నల ఎక్సాన్లలో (జన్యువులో ప్రోటీన్‌కు పనికొచ్చే భాగాల్లో) మారని చోట రెండు ప్రైమర్లు పెట్టి, మధ్యలోని ఇంట్రాన్‌ను (ఎక్సాన్ల మధ్య ముక్కను) దాటించే పద్ధతి 2006 ప్రాంతంలో వచ్చింది. జన్యురాశి చదవని చిరుధాన్యాల కోసం ఉద్దేశించిందే అది. ఇక్కడ మారనిది ఎక్సాన్, మారేది ఇంట్రాన్. ఇంట్రాన్ నాన్‌కోడింగే, కానీ సంరక్షితం కాదు, అదే దాని గొప్ప. పటం గీయడానికి కావలసింది సరిగ్గా ఈ కలయిక. ప్రైమర్లే చేసుకోవాలంటే ముందు ఇవి చేయండి. రెండు నాన్‌కోడింగ్ ముక్కల మధ్య ప్రైమర్లను, ఇంట్రాన్ ప్రైమర్లు దొరకని గండ్లు పూడ్చడానికి మాత్రమే ఉంచుకోండి.

సామలో అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. సామకు 36 క్రోమోజోములు, తొమ్మిదేసి చొప్పున నాలుగు సెట్లు. టెట్రాప్లాయిడ్ కాబట్టి ప్రతి జన్యువుకూ రెండు ఉపజన్యురాశుల్లో (రెండేసి సెట్ల జోడీల్లో) రెండు నకళ్లున్నాయి. మీ ప్రైమర్ సంరక్షిత భాగం మీద కూర్చుంటుంది, సంరక్షితమంటే ఆ రెండు నకళ్ల మధ్యా సంరక్షితమే. కాబట్టి పీసీఆర్‌లో రెండూ కలిసే పెరుగుతాయి. జెల్ మీద ఒకే బ్యాండ్, చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని సీక్వెన్సింగ్‌కు (అక్షరాలు చదివించడానికి) పంపి ట్రేస్ (డీఎన్ఏ అక్షరానికో రంగు శిఖరంగా వచ్చే గ్రాఫు) తెరిచి చూస్తే, ఒకే చోట నీలం సీ శిఖరం కింద ఎరుపు టీ శిఖరం కనిపిస్తుంది. ఇది హెటిరోజైగస్ (తల్లి నుంచి ఒక అక్షరం, తండ్రి నుంచి వేరొకటి వచ్చిన చోటు) అని రాసుకుంటారు. ఏళ్ల తరబడి సొంత పుప్పొడితో నడిచిన శుద్ధ రకంలో హెటిరోజైగస్ చోట్లు ఇన్నెక్కడివి? అది రెండు అల్లీళ్ల (ఒకే జన్యువు రూపాల) మధ్య తేడా కాదు, రెండు ఉపజన్యురాశుల మధ్య తేడా. రెండో తరంలో ప్రతి మొక్కా అలాగే కనిపిస్తుంది, ఒక్కటీ విడిపోదు. అలాంటి చోటును స్నిప్‌గా (రకాల మధ్య ఒక్క అక్షరపు తేడాగా) లెక్కేసుకుంటే పటం తయారు చేసే ప్రోగ్రాం దాన్ని ఎక్కడా ఇమడ్చలేదు.

అసలైన స్నిప్ ఉన్నప్పుడు కూడా లెక్క సూటిగా ఉండదు. ఒక నకలులోనే తేడా ఉందనుకుందాం. మొదటి రకంలో నాలుగూ సీ, ట్రేస్‌లో నీలం ఒక్కటే. రెండో రకంలో రెండు సీ, రెండు టీ, శిఖరాలు సమానం. వాటి సంకరంలో మూడు సీ, ఒక టీ. అంటే రెండో తరంలో మీరు వేరుచేయవలసింది 4:0, 3:1, 2:2. మొదటిదాన్ని పట్టుకోవడం తేలిక. మూడుకు ఒకటా, రెండుకు రెండా అన్నది మామూలు ట్రేస్‌లో కంటితో తేల్చబోతే రోజుకో జవాబు వస్తుంది. దారులు రెండు. ఒకటి, 4:0ను ఒక తరగతిగా, మిగతా రెంటినీ కలిపి ఇంకో తరగతిగా తీసుకుని డామినెంట్ మార్కర్‌లా 1:3 నిష్పత్తికి పరీక్షించడం. కొంత సమాచారం పోతుంది, అబద్ధం మాత్రం రాదు. రెండోది మెరుగు. ఉపజన్యురాశుల మధ్య తేడా ఉన్న అక్షరం మీద రెండో దఫా ప్రైమర్ 3 ప్రైమ్ కొస నిలపడం. అప్పుడు ఒక నకలే పెరుగుతుంది, మార్కర్ మామూలు డిప్లాయిడ్‌లో (రెండే సెట్లున్న పంటలో) లాగా 1:2:1గా విడిపోతుంది. ఆ ప్రైమర్ సంరక్షిత భాగంలో ఉండదు, ఇతర పంటలకు దాటదు. దాటకపోతే పోనివ్వండి, మొదటి ప్రైమర్ జంట ఇచ్చిన చిరునామా మీ దగ్గర ఉంది కదా.

ఆ చిరునామా విలువ చిన్నది కాదు. వరి జన్యురాశి 2005లో, జొన్నది 2009లో, కొర్రది 2012లో, వరిగలది 2019లో వెలువడ్డాయి. గడ్డి కుటుంబంలో జన్యువుల వరస ఆశ్చర్యపోయేంతగా నిలిచింది. జొన్న మూడో క్రోమోజోము దాదాపు వరి ఒకటో క్రోమోజోమే. వరి మూడు, పది కలిస్తే జొన్న ఒకటి. సామ, కొర్ర ఒకే తెగకు చెందినవి, రెంటికీ మూల సంఖ్య తొమ్మిదే, కాబట్టి వరి, జొన్నల కన్నా మీకు దగ్గర బంధువు కొర్రే. మీ పటంలో పద్దెనిమిది లింకేజ్ గ్రూపులు (కలిసి వారసత్వంగా వచ్చే మార్కర్ల గుంపులు) రావాలి, కొర్ర ఒక్కో క్రోమోజోముకు రెండేసి జంటలుగా సర్దుకోవాలి. అలా సర్దుకోకపోతే కొత్త విషయం కనుక్కున్నామనుకునే ముందు డేటా తిరగేయండి. సజ్జ కూడా అదే తెగ కదా అని దాన్ని ఆధారంగా పెట్టుకోవద్దు. దానికి మూల సంఖ్య ఏడే, క్రోమోజోము ముక్కలు చాలా అటూ ఇటూ అయ్యాయి.

ప్రైమర్ల గురించి ఇంత చెప్పి ఇప్పుడు ఇంకో మాట. ఖర్చు లెక్క వేయండి. పద్దెనిమిది గ్రూపులు, ఒక్కోటి సుమారు 100 సెంటీమోర్గాన్లు అనుకుంటే, పదికొకటి చొప్పున 180 మార్కర్లు కావాలి. పరీక్షించిన మూడు ప్రైమర్ జంటల్లో ఒకటి తేడా చూపిందనుకున్నా 540 జంటలు కొనాలి. అదే డబ్బుతో, డీఎన్ఏను రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోసి సీక్వెన్స్ చేసే పద్ధతిలో మీ మొక్కలన్నిటి నుంచీ వేల స్నిప్‌లు రావచ్చు. హైదరాబాద్‌లో ఈ సేవ ఇచ్చే ల్యాబులున్నాయి. వచ్చిన రీడ్లను (చదివిన చిన్న ముక్కలను) కొర్ర జన్యురాశి మీద అతికించి చూస్తే, ఏవి అతుకుతాయి? ఎక్కువగా మారని భాగాలున్నవే. అంటే మీరు అడిగిన సంరక్షిత డీఎన్ఏ ఇక్కడ ప్రైమర్‌గా కాక, రెండు పటాలను కలిపే బంధంగా పనిచేస్తుంది. ఒక్కో జంట ప్రైమర్‌తో కుస్తీ పట్టడం కన్నా ఇది మేలు. ఉపజన్యురాశుల చిక్కు ఇక్కడా ఉంటుంది, తల్లిదండ్రులిద్దరిలోనూ హెటిరోజైగస్‌గా కనిపించే చోట్లన్నీ మొదటే తీసిపారేయండి.

మరి ఈ నాన్‌కోడింగ్ ముక్కల అసలు పని ఎక్కడ? పటం పూర్తయి, పూత కాలపు క్యూటీఎల్ (ఆ లక్షణపు హెచ్చుతగ్గులను శాసించే జన్యురాశి భాగం) ఒకచోట తేలి, హద్దులు ఇరుకు చేసుకుంటూ వచ్చాక. మొక్కజొన్నలో వీజీటీ1 అనే పూత కాలపు క్యూటీఎల్ కథ మీరు తప్పకుండా చదవాలి. ఎనిమిదో క్రోమోజోము మీద దాన్ని ఇరుకు చేస్తూ పోతే చివరికి రెండు వేల అక్షరాల ముక్క మిగిలింది. అందులో ఒక్క జన్యువూ లేదు. వరి, జొన్నలతో పోల్చి చూస్తే అందులో మారకుండా నిలిచిన నాన్‌కోడింగ్ వరసలు కనిపించాయి. 70 వేల అక్షరాల దూరంలో ఉన్న ఏపీ2 అనే నియంత్రణ జన్యువుల కుటుంబపు జన్యువుకు అది మీట అని 2007లో తేల్చారు. త్వరగా పూసే రకాల్లో ఆ సంరక్షిత వరసలోకి చిన్న జంపింగ్ జీన్ ఒకటి దూరి ఉంది. కేవలం జన్యువుల జాబితా చూసుకుంటూ పోయేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు.

గొర్రెల్లో ఇంతకన్నా ముచ్చటైనది ఉంది. పాలమూరులో గొర్రెల మాట రాకుండా జన్యుశాస్త్రం ఎలా మాట్లాడుకుంటాం! అమెరికాలో పిరుదుల కండ విపరీతంగా పెరిగే కాలిపీజ్ అనే లక్షణాన్ని గొర్రె 18వ క్రోమోజోముకు మ్యాప్ చేశారు. చుట్టుపక్కల ఏ ప్రోటీన్‌లోనూ తేడా లేదు. 2002లో దొరికింది ఒకే ఒక్క అక్షరం, ఏ ఉండవలసిన చోట జీ. జన్యువుల మధ్య బీడులో, అనేక క్షీరదాల్లో మారకుండా నిలిచిన 12 అక్షరాల వరసలో అది ఉంది. పైగా ఆ జీ తండ్రి నుంచి వచ్చి, తల్లి నుంచి మామూలుది వస్తేనే కండ పెరుగుతుంది. ఇతర జాతుల పోలిక పక్కన లేకపోతే, క్యూటీఎల్‌లో ఉన్న అన్నేసి తేడాల్లో ఆ ఒక్క అక్షరాన్ని ఎవరు అనుమానిస్తారు?

మార్కర్‌గా ఈ ముక్కలను పనికిరాకుండా చేసిన గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది. ఎప్పుడూ మారనిది మీ త్వరగా కోతకొచ్చే సామలో మారి కనిపిస్తే, ముందు దాన్నే అనుమానించాలి. వెతికేటప్పుడు తెలిసిన పూత జన్యువుల పక్కనుంచి మొదలుపెట్టండి. వరి ఆరో క్రోమోజోము మీద హెచ్‌డీ1, హెచ్‌డీ3ఏ ఉన్నాయి, జొన్నలో ఆరో క్రోమోజోము మీద ఎంఏ1 ఉంది. మీ క్యూటీఎల్ వీటికి సరిజోడు చోట పడిందేమో చూసి, ఆ జన్యువుల ముందూ వెనకా లక్ష అక్షరాల వరకు కొర్ర, జొన్న, వరులను పక్కపక్కన పెట్టండి. అన్ని పంటల్లోనూ నిలిచిన ముక్కలను మీ ఇద్దరు తల్లిదండ్రుల్లో సీక్వెన్స్ చేయండి. ఒక హెచ్చరిక. తేడా దొరికినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఆ జన్యువు ఎంత వ్యక్తమవుతోందో రెండు రకాల ఆకుల్లో, పూతకు ముందు, పగలు వేర్వేరు వేళల్లో కొలిచి చూపితేనే పరీక్షకులు ఒప్పుకుంటారు.

దేవరకొండ, నల్లగొండ వైపు ఆముదం మీద పనిచేసేవాళ్లు ఇదే పద్ధతి తమకూ పనికొస్తుందా అని అడుగుతుంటారు. అంతగా రాదు. ఆముదం తన ప్రజాతిలో ఏకైక జాతి, దగ్గరి బంధువులు లేరు. అదే కుటుంబంలో కర్రపెండలం, రబ్బరు, జట్రోఫా ఉన్నాయి కానీ దూరపు చుట్టాలు. ఆముదం జన్యురాశి 2010 నుంచీ అందుబాటులో ఉంది కాబట్టి మార్కర్ల కోసం ఇంకో పంట దగ్గరికి వెళ్లే అవసరమూ లేదు. ఆముదం రకాల మధ్య వైవిధ్యం తక్కువ, అక్కడ అసలు కష్టం అది. ఎండు తెగులు తట్టుకునే రకాన్నీ, తట్టుకోలేని రకాన్నీ ముందు దూరదూరంగా ఎంచుకోవడంలోనే సగం పని ఉంది.

మీ మడి సంగతికి వస్తే, రెండో తరంలో ఒక్కో మొక్కా ఒక్కటే, మళ్లీ పెంచి చూడలేరు. ఎర్ర చెలకలో జూలైలో పదిహేను రోజులు వాన ముఖం చాటేస్తే పూత తేదీలన్నీ తారుమారవుతాయి, ఆ తేడా జన్యువుదో కరువుదో చెప్పలేరు. అందుకని ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ తీసుకుంటూ ఐదారు తరాలు ముందుకు నడిపి 150 నుంచి 200 స్థిరమైన వరసలు చేసుకోండి. పీహెచ్‌డీ గడువు కుదరకపోతే కనీసం మూడో తరం కుటుంబాలుగా చేసి, ఒక్కో కుటుంబానికి పది పదిహేను మొక్కల సగటు తీసుకోండి. సామ పగటి పొడవుకు స్పందిస్తుంది కాబట్టి వానాకాలంలోనూ, నీటి వసతి కింద వేసవిలోనూ విత్తి చూడాలి. రెండు కాలాల్లోనూ ఒకేచోట తేలిన క్యూటీఎల్ ఒకటి, వేసవిలో మాత్రమే తేలినది మరొకటి అయితే, రెండోది పగటి పొడవును గుర్తించే జన్యువు కావచ్చు. పాలెం పరిశోధన స్థానం మీకు దగ్గరే, జొన్నలో పూత తేదీ ఎప్పుడు రాసుకోవాలో, ఎన్ని కంకులు బయటపడ్డాక లెక్కించాలో అక్కడి బ్రీడర్లను అడిగి అదే పద్ధతి మొదటి రోజు నుంచీ పాటించండి.

ప్రైమర్లకు ఆర్డర్ పెట్టే ముందు ఏవైనా ఐదారు ఇంట్రాన్ జంటలతో మీ రెండు శుద్ధ రకాలనే నడిపి, ట్రేస్ ఫైళ్లు పంపండి. జంట శిఖరాలు ఎన్ని చోట్ల ఉన్నాయో చూస్తే, ప్రైమర్ల దారా, సీక్వెన్సింగ్ దారా అన్నది అప్పుడే తేల్చుకోవచ్చు.